13 నెలల పాపకు ఇంట్లో ఏం నేర్పించాలి? గుణుపురం తల్లి ప్రశ్నకు నా సమాధానం

అమ్మా, మీరు రాసినదంతా శ్రద్ధగా చదివాను. పాపకు 13 నెలలు. మీరుండేది ఒడిశా రాయగడ జిల్లాలోని గుణుపురంలో. వచ్చే నెల నుంచి మళ్లీ స్కూలు ఉద్యోగానికి వెళ్లాలి కాబట్టి పగలంతా పాపను మీ అత్తగారు చూసుకుంటారు, సాయానికి పక్క ఊరి సవర గిరిజన అమ్మాయి వస్తుంది. పాపకు 'అమ్మ', 'తా' తప్ప ఇంకా మాటలు రాలేదు. ఫోన్లో పాటలు పెడితే తప్ప అన్నం తినదు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, ఆ అమ్మాయి నోట సవర, ఇన్ని భాషలైతే పిల్ల తికమకపడుతుందని మీవారు అంటున్నారు. ఫ్లాష్ కార్డులు కొనాలా, ప్లే స్కూల్లో వేయాలా, రోజుకు ఎంతసేపు కూర్చోబెట్టి నేర్పించాలి అన్నవి మీ ప్రశ్నలు.

నేను రాయగడ జిల్లాలో అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైరయ్యాను. రాయగడ టౌన్‌లోని తెలుగు ఇళ్లూ చూశాను, కొండమీద కుయి మాట్లాడే కోందుల ఇళ్లూ, సవర మాట్లాడే ఇళ్లూ చూశాను. చూసినదాన్ని బట్టి చెబుతున్నాను, ఈ వయసు పిల్లకు విడిగా పాఠం టైం అక్కర్లేదు. తినిపించడం, స్నానం చేయించడం, బట్టలు తొడగడం, ఎత్తుకుని తిరగడం, నిద్రపుచ్చడం, ఇవే పాప చదువు. అయితే ఒక షరతు ఉంది. ఆ పనుల మధ్యలో పాప చేసే సైగకు, శబ్దానికి, చూపుకు ఎదుటి మనిషి నుంచి జవాబు రావాలి. పుట్టిన మొదటి సంవత్సరాల్లో మెదడులో సెకనుకు పది లక్షలకు పైగా కొత్త కనెక్షన్లు ఏర్పడతాయని శాస్త్రవేత్తల అంచనా. అందులో వాడకంలో ఉన్నవి గట్టిపడతాయి, వాడనివి రాలిపోతాయి. ఏవి వాడకంలో ఉండాలన్నది పాపతో రోజంతా గడిపే మనిషి చేతిలో ఉంటుంది.

అన్నం దగ్గర మొదలుపెడతాను, మీ ఇంట్లో అసలు చిక్కు అక్కడే ఉంది కనుక.

ఫోన్ లేకుండా, పాపను ఎదురుగా కూర్చోబెట్టుకుని పప్పన్నం పెట్టిన ఇంట్లో ఏం జరుగుతుందో గమనించండి. మొదటి ముద్దకు పాప నోరు తెరుస్తుంది. రెండో ముద్ద లోపే చెయ్యి గిన్నెలోకి వెళ్తుంది. అన్నం మెత్తన, వెచ్చన ఆ వేళ్లకు తెలుస్తాయి. కింద పడిన ఒక మెతుకును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇరికించాలని చూస్తుంది. జారిపోతుంది. మళ్లీ పట్టుకుంటుంది. దొరకగానే మీ మొహంలోకి చూస్తుంది. 'దొరికిందా మెతుకు! తినెయ్ తినెయ్' అంటారు మీరు. నవ్వుతుంది. ఇంకో నాలుగు ముద్దలయ్యాక తల పక్కకు తిప్పుతుంది. 'చాలా? నీళ్లు తాగుతావా?' అని గ్లాసు చూపిస్తారు. గ్లాసు వైపు చెయ్యి చాపుతుంది.

ఇదంతా పది నిమిషాల పని. ఈ కాస్త సేపట్లో పాప రెండు వేళ్లతో పట్టు సాధన చేసింది. మెతుకు, నీళ్లు అనే మాటలు ఆ వస్తువులు కళ్ల ముందుండగా విన్నది. వద్దు అని తల తిప్పితే ఎదుటివాళ్లు వింటారని తెలుసుకుంది. కడుపు నిండడం అంటే ఏమిటో తన ఒంటికి తనే నేర్పుకుంది. అదే ఫోన్ పెట్టి తినిపిస్తే నోరు తెరుచుకుంటుంది, ముద్ద లోపలికి పోతుంది, అంతే. గిన్నె ఖాళీ అయినందుకు మనకు తృప్తి. పాప మాత్రం ఏం తిన్నదో చూడలేదు, ఎవరి మొహమూ చూడలేదు.

'ఫోన్లో కూడా మాటలే కదా వింటోంది' అని మీ అత్తగారు అన్నారని రాశారు. ఆవిడకు అలా అనిపించడం సహజమే. అమెరికాలో పట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త బృందం 2003లో ఇదే సంగతి పరీక్షించి చూసింది. ఇంగ్లిష్ ఇళ్ల 9 నెలల పిల్లలకు చైనా వాళ్ల మాండరిన్ భాషను కొందరికి మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ వినిపించారు, కొందరికి అదే మనిషిని టీవీలో చూపించారు. మనిషి దగ్గర విన్న పిల్లలు ఆ భాష ధ్వనులను పట్టుకున్నారు. టీవీలో చూసిన పిల్లలు ఏమీ నేర్చుకోలేదు. మాటలు అవే, మనిషీ ఆవిడే. టీవీలో ఉన్న మనిషి పాప చూపుకు బదులు చూడదు, పాప 'తా' అంటే ఆగి 'తాతయ్యా?' అని అడగదు. రెండేళ్లలోపు పిల్లలకు స్క్రీన్ వద్దే వద్దని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. పార్వతీపురంలో ఉన్న మీ అమ్మగారితో వీడియో కాల్ మాత్రం మానకండి. అవతల ఉన్న అమ్మమ్మ పాపకు జవాబిస్తుంది కదా.

ఫోన్ మాన్పించడం మొదటి మూడు నాలుగు రోజులు కష్టం. ముందుగా పొద్దుటి తిండితో మొదలుపెట్టండి, అప్పుడు ఆకలి బాగా ఉంటుంది. దానికి గంట ముందు నుంచి బిస్కెట్లూ పాలూ ఇవ్వొద్దు. పాపకు సొంత గిన్నె ఇచ్చి, ఇంట్లో ఎవరో ఒకరు పక్కనే కూర్చుని తినండి. అరగంట దాటితే గిన్నె తీసెయ్యండి, బతిమాలొద్దు, తిట్టొద్దు, నోట్లో కుక్కొద్దు. తక్కువ తింటే రెండు గంటలకు మళ్లీ పెట్టండి. పిల్ల చిక్కిపోతుందని మీ అత్తగారు టెన్షన్ పడతారు. అంగన్‌వాడీలో నెలనెలా బరువు చూపించి, ఎదుగుదల కార్డులో బరువు గీత పైకి వెళ్తోందని ఆవిడకు చూపించండి. ఎవరి మాటకన్నా ఆ గీతే ఆవిడకు ధైర్యమిస్తుంది.

తిండిలో ఏముండాలన్నది క్లుప్తంగా చెబుతాను. ఇంట్లో వండినదే కారం తగ్గించి రోజుకు మూడు నాలుగుసార్లు, మధ్యలో ఒకటి రెండుసార్లు చిరుతిండి, రెండేళ్ల దాకా తల్లిపాలు. చోడి (రాగి) జావ మంచిదే కానీ అదొక్కటే సరిపోదు. గుడ్డు, పప్పు, ఆకుకూర, నూనె చుక్క తప్పకుండా ఉండాలి. అంగన్‌వాడీలో ఇచ్చే ఛతువా పిండిని చాలా తెలుగు ఇళ్లలో పక్కన పడేయడం చూశాను. అందులో గోధుమ, శనగ, వేరుశనగ ఉంటాయి, వేయించి పొడిచేసిందే, పాపకు జావలా కాచి ఇవ్వండి. ఐరన్ సంగతి మాత్రం అశ్రద్ధ చేయకండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 6 నుంచి 59 నెలల పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. మెదడు నరాల మీద పొర ఏర్పడటానికి ఐరన్ కావాలి. రక్తం తక్కువైన పిల్ల నీరసంగా ఉంటుంది, ఆటకు రాదు, సైగ చేయదు. సైగ చేయని పిల్లతో పెద్దవాళ్లూ మాట్లాడటం తగ్గించేస్తారు. ఆశా దీదీ ఇచ్చే ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు. వేస్తున్నారో లేదో చూసుకోండి.

ఇక స్నానం. ఇందులో మీ అత్తగారికి మనం నేర్పేది పెద్దగా లేదు. కాళ్లు చాపుకుని, కాళ్ల మీద పిల్లను పడుకోబెట్టుకుని నూనె రాసి నలుగుపెట్టి నీళ్లు పోసే మన పెద్దవాళ్ల పద్ధతిలో ఒళ్లంతా తాకిడి, కళ్లలోకి చూపు, ఒకదాని తర్వాత ఒకటిగా రోజూ అదే వరసలో జరిగే పని, అన్నీ ఉన్నాయి. ఆ వరస పాపకు గుర్తుంటుంది. ఎడమ చెయ్యి రుద్దాక కుడి చెయ్యి తనే ఎత్తి ఇస్తుంది చూడండి. ముందు ఏం జరగబోతోందో ఊహించగలగడం ఈ వయసులో పెద్ద తెలివి. 'చెయ్యి ఏదీ? బొజ్జ ఏదీ? ఇదిగో నీళ్లు పోస్తున్నా, కళ్లు మూసుకో' అంటూ చేస్తే చాలు. చెవుల్లో, ముక్కులో నూనె పోయడం మాత్రం మాన్పించండి. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి వెళ్లి న్యుమోనియా వచ్చే ప్రమాదం ఉంది. మాటలు రావాలని వస అరగదీసి నాకించడం కూడా వద్దు. దానివల్ల వాంతులై ఆసుపత్రికి వెళ్లిన పిల్లలున్నారు. మాట వచ్చేది మాట వల్లే.

ఇక్కడ చిన్న కిటుకు చెబుతాను, ఈ సమాధానంలో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకుంటే ఇది పెట్టుకోండి. పాపను ఏదైనా అడిగాక ఆగండి. మనసులో అయిదు లెక్కపెట్టేదాకా నోరు మెదపొద్దు. పెద్దవాళ్లం 'బంతి ఏదీ, ఇదిగో బంతి, ఎర్ర బంతి, పట్టుకో, విసురు' అని గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తాం. 13 నెలల పిల్లకు విని, అర్థం చేసుకుని, మెడ తిప్పి, చెయ్యి చాపడానికి టైం పడుతుంది. ఆ టైం ఇవ్వకపోతే తన వంతు ఎప్పటికీ రాదు. అడిగి ఆగితే, వేలు చూపించడమో, 'బ' అనడమో చేస్తుంది. దానికి మీరు జవాబివ్వండి. చకచకా ఎన్ని మాటలు వినిపించామన్నది ముఖ్యం కాదు, ఎన్నిసార్లు వంతులు మారాయన్నది ముఖ్యం.

జవాబు రాకపోతే పిల్లలు ఎంత కలవరపడతారో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే మానసిక శాస్త్రవేత్త 1970ల్లోనే చూపించారు. తల్లి అప్పటిదాకా బిడ్డతో ఆడుతూ, ఉన్నట్టుండి రెండు మూడు నిమిషాలు మొహంలో ఏ భావమూ లేకుండా ఉండిపోవాలి. బిడ్డ ముందు నవ్వి చూస్తుంది, చేతులు చాపుతుంది, అరుస్తుంది, చివరకు మొహం తిప్పేసుకుని ఏడుస్తుంది. మళ్లీ తల్లి నవ్వితే కోలుకుంటుంది కూడా. కాబట్టి అప్పుడప్పుడు మీరు పనిలో పడి పట్టించుకోకపోతే ఏదో అయిపోతుందని భయం వద్దు. కానీ పాప ముందు కూర్చుని గంటలకొద్దీ మనం ఫోన్ చూస్తుంటే ఆ పిల్లకు మన మొహం కనిపించేది అలాగే. ఎవరూ చూడకపోయినా హాల్లో టీవీ మోగుతూ ఉండటం కూడా మంచిది కాదు, ఆ మోతలో పెద్దవాళ్లు మాట్లాడటం తగ్గిపోతుంది.

భాషల విషయంలో మీవారి భయానికి ఆధారం లేదు. రెండు మూడు భాషలు వినడం వల్ల పిల్లలకు మాట ఆలస్యం కాదు. ఒక్కో భాషలో మాటలు తక్కువగా కనిపించవచ్చు, అన్నీ కలిపి లెక్కపెట్టాలి. తెలుగులో 'పాలు', ఒడియాలో 'పాణి' (నీళ్లు) అంటే రెండు మాటలు వచ్చినట్టే. పైగా ఈ వయసు చెవి చాలా సూక్ష్మం. జానెట్ వెర్కర్ అనే పరిశోధకురాలు 1984లో ప్రచురించిన పరిశోధనలో, ఇంగ్లిష్ ఇళ్లలో పుట్టిన పిల్లలు 6–8 నెలలప్పుడు హిందీలోని 'త', 'ట' తేడాను పట్టగలిగారు, 10–12 నెలలకల్లా ఆ తేడా చాలామందికి వినిపించడం మానేసింది. ఎందుకంటే వాళ్ల ఇంట్లో ఆ ధ్వనులతో పని లేదు. మీ పాపకు మూడు భాషల ధ్వనులు మనుషుల నోట, ఊరికే దొరుకుతున్నాయి. మీరు, మీ అత్తగారు కమ్మటి తెలుగులో మాట్లాడండి. ఆ సవర అమ్మాయిని పాపతో సవరలోనే మాట్లాడమనండి, పాడమనండి. 'నీ భాష వద్దు, ఊరుకో' అని ఆ అమ్మాయిని ఆపితే, పాప పక్కన రోజంతా మాటలేని మనిషి ఒకరు తిరుగుతారు. మన టౌన్ ఇళ్లలో ఈ పొరపాటు చాలా జరుగుతోంది, చూస్తే బాధేస్తుంది. కొండమీద సవర, కోందు తల్లులు పిల్లను గుడ్డతో ఒంటికి కట్టుకుని పొలానికి, సంతకు తీసుకెళ్తారు. పిల్ల అందరి మొహాలూ దగ్గరగా చూస్తుంది, అందరి మాటలూ వింటుంది. ఆ ఇళ్లలో మలేరియా, ఆకలి, రక్తహీనత పిల్లలను దెబ్బతీస్తాయి, అది వేరే పెద్ద గోడు. కానీ పిల్లను ఒంటికి హత్తుకుని తిరగడంలో వాళ్లు మనకన్నా ముందున్నారు.

ఆటవస్తువులకు డబ్బు తగలేయకండి. జమైకాలోని కింగ్‌స్టన్‌లో 1986–87లో ఎదుగుదల తగ్గిన 129 మంది పిల్లలతో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. వారిలో కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లపాటు వారం వారం వెళ్లి, ఇంట్లో తయారుచేసిన బొమ్మలతో పిల్లతో ఎలా ఆడాలో తల్లికి చూపించారు. ఆ పిల్లలు 22 ఏళ్లవాళ్లయ్యాక చూస్తే, అలాంటి సాయం అందని తోటివాళ్లకన్నా సుమారు 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. అదే పద్ధతిని తర్వాత మన ఒడిశాలోనే కటక్ బస్తీల్లో 10 నుంచి 20 నెలల పిల్లల ఇళ్లలో 18 నెలలు అమలుచేసి చూశారు, పిల్లల తెలివితేటల్లో మెరుగు కనిపించింది. రెండు చోట్లా షాపు బొమ్మలు అక్కర్లేకపోయాయి. స్టీలు గిన్నె, మూత, కొబ్బరి చిప్ప, పాత చీర ముక్క, మూత బిగించిన ప్లాస్టిక్ సీసా చాలు. గిన్నెలో మూత వేసి తీయడం ఈ వయసుకు పెద్ద ఆట. చింతపిక్కలు, వేరుశనగ గింజలు, గోళీలు, రిమోట్లో ఉండే గుండ్రటి చిన్న బ్యాటరీలు మాత్రం అందనివ్వకండి. ఫ్లాష్ కార్డులు కొనొద్దు. ఇంటి ముందు మేక వెళ్తుంటే వేలు చూపించి 'మేక' అనడం ఉండగా బొమ్మ కార్డులో మేక ఎందుకు?

ఇప్పుడు మీ అత్తగారి గురించి. మీ ప్రశ్నలో ఆవిడ గురించి ఒకే వాక్యం ఉంది, 'అత్తగారు ఉన్నారు కాబట్టి ఫరవాలేదు' అని. నాకు అన్నిటికన్నా ఎక్కువ ఆలోచన పెట్టింది ఆ వాక్యమే. ఆవిడకు మోకాళ్ల నొప్పులున్నాయని కూడా మీరే రాశారు. పొద్దున్న వంట, గిన్నెలు, నీళ్లు పట్టడం, మధ్యాహ్నం మళ్లీ వంట చేసిన మనిషి, అడిగి అయిదు లెక్కపెట్టి ఆగే ఓపిక ఎక్కణ్నుంచి తెస్తుంది? అలసిన మనిషి చేతికి ముందు దొరికేది ఫోనే. కాబట్టి ఏర్పాటు మార్చండి. సాయానికి వచ్చే అమ్మాయికి పాపను అప్పజెప్పి అత్తగారిని వంటింట్లో ఉంచడం కాదు, వంటింటి పనే ఆవిడ మీద తగ్గించండి. గిన్నెలు, కూరలు తరగడం ఆ అమ్మాయి చూస్తే, స్నానం, తిండి, నిద్ర అత్తగారు తీరిగ్గా చేయగలరు. మధ్యాహ్నం ఒక గంట పాపను ఆ అమ్మాయికి అప్పగించి ఆవిడ నడుం వాల్చాలి. సాయంత్రం ఒక పూట తిండి, ఆదివారం స్నానం మీవారు చూడాలి. నాన్న చేతిలో తిన్న ముద్ద కూడా పాపకు చదువే. పిల్లల ఎదుగుదలపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో నాలుగు సిఫారసులుంటే, వాటిలో ఒకటి తల్లి మానసిక ఆరోగ్యం గురించే. పిల్లను పెంచే ఏ మనిషికైనా అది వర్తిస్తుందని నా గట్టి అభిప్రాయం.

మీరు ఉద్యోగానికి వెళ్లే ముందు రెండు వారాల నుంచే రోజూ కొంతసేపు బయటకు వెళ్లి రావడం మొదలుపెట్టండి. పాప చూడకుండా దొంగచాటుగా వెళ్లొద్దు. ఏడ్చినా సరే, 'అమ్మ బడికి వెళ్లి వస్తుంది' అని రోజూ అదే మాట చెప్పి, ముద్దుపెట్టి వెళ్లండి. మీరు చెప్పకుండా మాయమైతే, ఈవిడ కూడా ఎప్పుడు పోతుందో అని పాప పగలంతా అత్తగారి కొంగు కూడా వదలదు. పిల్లకు గట్టి బంధం ఒక్క మనిషితోనే ఉండాలని లేదు, ఇద్దరు ముగ్గురితో ఉంటుంది. మీ చోటు ఎక్కడికీ పోదు. సాయంత్రం ఇంటికి రాగానే మొదటి అరగంట వంటింట్లోకి వెళ్లకుండా పాపతో నేల మీద కూర్చోండి. ఏడిస్తే ఎత్తుకోండి, ఎత్తుకుంటే చెడు అలవాటవుతుందన్న మాట ఈ వయసుకు పనికిరాదు.

ప్లే స్కూలు ఇప్పుడు వద్దు. 2020 జాతీయ విద్యా విధానం కూడా బడి మెట్టును మూడేళ్ల నుంచే లెక్కపెట్టింది. ఇప్పుడు మీ వీధి అంగన్‌వాడీలో పాప పేరు ఉందో లేదో చూడండి. మూడేళ్లలోపు పిల్లల కోసం కేంద్రం 2024లో 'నవచేతన' అని ఒక కార్యక్రమ పుస్తకం తెచ్చింది, నెలనెలా వయసుకు తగ్గ ఆటలు అందులో ఉన్నాయి. ఇంటికి వచ్చినప్పుడు అవి చూపించమని అంగన్‌వాడీ దీదీని అడగండి. అడిగిన ఇంటికి వాళ్లు ఉత్సాహంగా వస్తారు.

చివరగా పాప మాటల గురించి. 13 నెలలకు రెండు మాటలుండటం మామూలే. కానీ కొన్ని చూసుకోండి. వెనకనుంచి పేరు పెట్టి పిలిస్తే తిరుగుతోందా? కావలసినదాన్ని వేలితో చూపిస్తోందా, కనీసం చెయ్యి చాపుతోందా? టాటా చెబుతోందా? 'ఇటివ్వు' అని చెయ్యి చాపితే అర్థం చేసుకుంటోందా? 15 నెలలు నిండినా వేలు చూపించకపోతే, 18 నెలలకు అర్థమున్న మాట రెండు మూడైనా లేకపోతే, రెండేళ్లకు 'పాలు కావాలి' లాంటి రెండు మాటలు కలపకపోతే, వచ్చిన మాటలు ఏ వయసులోనైనా పోతే, 'వాళ్ల నాన్నకీ లేటుగానే వచ్చాయి' అనుకుని కూర్చోకండి. ముందు వినికిడి పరీక్ష చేయించండి, చెవిలో చీము తరచూ కారే పిల్లలకైతే మరీ అవసరం. ఆర్‌బీఎస్‌కే అనే పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం కింద ఈ పరీక్షలకు డబ్బు తీసుకోరు. జిల్లా ఆసుపత్రిలో పిల్లల ఎదుగుదల చూసే కేంద్రం ఉంటుంది, గుణుపురం నుంచి అయితే రాయగడ వెళ్లాలి. 16 నెలలు నిండాక బూస్టర్ టీకాకు ఎలాగూ మమతా దివస్‌కు (ఊళ్లో తల్లీపిల్లల పరీక్షలు, టీకాలు జరిగే రోజుకు) వెళ్తారు కదా, ఆ రోజు కార్డులోని ఎదుగుదల పేజీ ఏఎన్‌ఎం (ఆరోగ్య కేంద్రం నర్సు) చేత నింపించుకుని, అందులో ఏదైనా ఖాళీగా మిగిలితే రాయగడ ఆసుపత్రికి చీటీ రాయించుకోండి. ఈలోగా అనుమానం ఏదైనా వస్తే ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.